‘అవగాహన లోపం’ అనే నిర్ధారణ: డిగ్రీ విద్యార్థుల సమాజసేవా ప్రాజెక్టు నివేదికల్లో ఆరోగ్యకారణాల భాష

వ్యాససంగ్రహం:
ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులు మొదటి సంవత్సరం ముగిసిన తరువాత చేయవలసిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు (సమాజసేవా ప్రాజెక్టు) ఇంటింటి సర్వేతో మొదలై నివేదికతో ముగుస్తుంది. ఆరోగ్యాంశాన్ని ఎంచుకున్న నివేదికల్లో జబ్బులకు మూలకారణంగా ‘ప్రజల్లో అవగాహన లోపం’ అనే మాట తరచుగా కనిపిస్తుంది. అది సర్వేలో తేలిన ఫలితమా, నివేదిక చట్రమే ముందుగా సిద్ధం చేసిన జవాబా అన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. నివేదికల వాక్యనిర్మాణాన్ని, ప్రశ్నావళి స్వభావాన్ని పరిశీలించి, ఆరోగ్య సామాజిక నిర్ణాయకాల దృష్టితోనూ తెలుగు కథ కారణాన్ని చూపే పద్ధతితోనూ వాటిని పోలుస్తుంది. ఈ ప్రాజెక్టులో తెలుగు శాఖలకు ఉండదగిన పాత్రను సూచిస్తుంది.

కీలకపదాలు: సమాజసేవా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్, ఆరోగ్య సామాజిక నిర్ణాయకాలు, నివేదిక భాష, రక్తహీనత, ఫ్లోరోసిస్, ఉద్దానం, తెలుగు కథ.

1. ఉపోద్ఘాతం:

మనిషి ఆరోగ్యం ఆస్పత్రిలో మొదలు కాదు. పుట్టిన ఇల్లు, తాగే నీరు, చేసే పని, దొరికే కూలి, చదువు, కులం, లింగం, రోడ్డు, రేషను ఇవన్నీ కలిసి ఎవరు ఎంతకాలం ఎంత ఆరోగ్యంగా బతుకుతారో నిర్ణయిస్తాయి. వీటినే ఆరోగ్య సామాజిక నిర్ణాయకాలు అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో మైకేల్ మార్మట్ అధ్యక్షతన ఈ విషయంపై ఒక కమిషన్‌ను నియమించింది. అమర్త్యసేన్ సభ్యుడుగా ఉన్న ఆ కమిషన్ 2008లో తన నివేదికను సమర్పించింది. జనం పుట్టి, పెరిగి, పనిచేసి, ముసలివారయ్యే పరిస్థితులను మార్చకుండా ఆరోగ్యంలోని అంతరాలను తగ్గించలేమన్నది దాని సారాంశం.

ఆలోచన పాతదే. 1848లో ప్రష్యా ప్రభుత్వం ఎగువ సైలీషియాలో ప్రబలిన టైఫస్ జ్వరాన్ని పరిశీలించడానికి రుడాల్ఫ్ విర్కో అనే యువవైద్యుణ్ణి పంపింది. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు. అక్కడ గడిపింది సుమారు మూడు వారాలు. తిరిగివచ్చి రాసిన నివేదికలో ఆయన మందుల జాబితా ఇచ్చి ఊరుకోలేదు. పేదరికాన్ని, పన్నులను, రోడ్ల లేమిని, మాతృభాషలో చదువు లేకపోవడాన్ని, స్వపరిపాలన లేకపోవడాన్ని జబ్బుకు కారణాలుగా లెక్కగట్టాడు. కొద్దివారాల క్షేత్రపర్యటనకు వెళ్లిన ఒక యువకుడు రాసిన నివేదిక ప్రజారోగ్య చరిత్రలో మూలగ్రంథాల వరుసలో నిలిచింది. నేటి డిగ్రీ విద్యార్థి నివేదికకు కూడా అంత ఫలితం ఉండాలని ఎవరూ కోరరు. అయితే కారణాన్ని ఎక్కడ వెతకాలి అన్న ప్రశ్న మాత్రం రెంటికీ సమానమే.

భారతదేశంలో విద్యార్థిని సమాజంలోకి పంపే ఆలోచనకు తగినంత చరిత్ర ఉంది. 1946లో వెలువడిన భోర్ కమిటీ నివేదిక వైద్యవిద్యార్థులకు మూడు నెలల సామాజికవైద్య శిక్షణ ఉండాలని సూచించింది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో జాతీయ సేవా పథకం మొదలై వైద్యేతర విద్యార్థులను గ్రామాలకు తీసుకువెళ్లింది. అయితే సేవా పథకంలో చేరడం విద్యార్థి ఇష్టం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020–21 విద్యాసంవత్సరం నుంచి అమలుచేసిన సవరించిన పాఠ్యప్రణాళికలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. అందులో మొదటి మెట్టు రెండో సెమిస్టరు తరువాత వచ్చే సమాజసేవా ప్రాజెక్టు. దీనికి 180 గంటలు, 4 క్రెడిట్లు. బి.ఏ. చదివినా, బి.కాం. చదివినా, బి.ఎస్సీ. చదివినా చేయక తప్పదు. అంటే రాష్ట్రంలో డిగ్రీ చదివే ప్రతి యువతీయువకుడూ జీవితంలో ఒక్కసారైనా ప్రశ్నావళి పట్టుకుని పది ఇళ్ల గడపలు ఎక్కుతారు. ఇంతటి విస్తృతి ఉన్న రచనాప్రక్రియ, అంటే ఈ నివేదిక, సాహిత్యవిమర్శ దృష్టికి ఇంకా తగినంతగా రాలేదు. ఆ లోటును కొంత పూరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రాజెక్టు క్రమం – పరీక్షకు ముందే రాసిన మందుచీటీ:

ప్రాజెక్టు క్రమాన్ని గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. విద్యార్థి మొదట గ్రామంలోనో వార్డులోనో సామాజిక, ఆర్థిక సర్వే చేయాలి. తరువాత అవగాహన కార్యక్రమాలు నిర్వహించాలి. ఆపై ఎంచుకున్న అంశంపై ప్రధాన ప్రాజెక్టు చేసి నివేదిక సమర్పించాలి. రోజూ ఏం చేశారో, ఏం నేర్చుకున్నారో దినచర్య పుస్తకంలో నమోదు చేయాలి. పుస్తకాల నుంచి ప్రజల దగ్గరకు, ప్రజల నుంచి మళ్లీ రచనకు నడిపించే ఈ క్రమం మౌలికంగా మంచిదే.

చిక్కు రెండో మెట్టు దగ్గర ఉంది. సర్వేలో ఏం తేలినా సరే, దాని తరువాత అవగాహన కార్యక్రమం జరగవలసిందే. వాడలోని కుళాయికి రోజు విడిచి రోజు నీళ్లు వస్తున్నాయని తేలినా, ఆస్పత్రికి వెళ్లడానికి బస్సు లేదని తేలినా, పురుగుమందు కొట్టే కూలీలకు చేతితొడుగులు ఇవ్వడం లేదని తేలినా తరువాతి పని ఒకటే. ఫ్లెక్సీ కట్టడం, నలుగురిని కూర్చోబెట్టి చెప్పడం, ఫొటో తీయడం. చికిత్స ముందుగానే స్థిరమైపోయిన చోట రోగనిర్ధారణ ఆ చికిత్సకు సరిపోయేలా మారుతుంది. అవగాహన కల్పించడమే చేయవలసిన పని అయితే, అవగాహన లేకపోవడమే జబ్బుకు కారణం కావాలి. ‘అవగాహన లోపం’ అన్న మాట నివేదికల్లోకి విద్యార్థి పరిశీలన నుంచి వచ్చిందనడం కంటే ప్రాజెక్టు క్రమం నుంచి వచ్చిందనడం సబబు. నాడి చూడకముందే చీటీ రాసిన వైద్యుణ్ణి లోకం తప్పుపడుతుంది. ఇక్కడ ఆ చీటీని విద్యార్థి చేతికి ఇచ్చింది ప్రాజెక్టు చట్రం. కాబట్టి దోషం విద్యార్థిది కాదు.

3. ‘వారికి అవగాహన లేదు’ – వాక్యపరిశీలన:

ఈ నివేదికల్లో తరచు ఎదురయ్యే వాక్యాన్ని సామాన్యరూపంలో ఇలా చెప్పవచ్చు: ‘ఈ గ్రామ ప్రజలకు ఆరోగ్యంపై సరైన అవగాహన లేదు.’ తెలుగులో ఇది చాలా సహజమైన వాక్యం. ‘కి/కు’ ప్రత్యయం చేరిన నామం, తరువాత లేనిదాని పేరు, చివర ‘లేదు’. ఈ నిర్మాణంలో మధ్యనున్న ఖాళీయే కీలకం. ‘వారికి ... లేదు’ అన్న చట్రంలో ఏ మాటనైనా నింపవచ్చు. వారికి నీరు లేదు. వారికి తీరిక లేదు. వారికి పని లేదు. వారికి సొంత ఇల్లు లేదు. వారికి అవగాహన లేదు. వ్యాకరణరీత్యా ఈ అయిదు వాక్యాలూ ఒకే అచ్చులో పోసినవి. అర్థంలో మాత్రం మొదటి నాలుగింటికీ అయిదోదానికీ దూరం చాలా ఉంది.

నీరు లేదన్నప్పుడు ‘ఎవరు ఇవ్వలేదు?’ అన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. పంచాయతీ, జలవనరులు, బోరు, కరెంటు, కులపు వాడల మధ్య వేసిన పైపులైను, ఇలా బాధ్యత బయటికి విస్తరిస్తుంది. తీరిక లేదన్నప్పుడు పనిగంటలు గుర్తుకువస్తాయి. అవగాహన లేదన్నప్పుడు అలాంటి ప్రశ్న పుట్టదు. లోపం ఆ మనిషిలోనే ఉండిపోతుంది. వాక్యం అక్కడితో ముగుస్తుంది, విచారణ కూడా ముగుస్తుంది.

ప్రశ్నావళిలోనూ ఇదే పోకడ ఉంది. ‘భోజనానికి ముందు చేతులు కడుక్కుంటారా?’, ‘కాచి చల్లార్చిన నీరు తాగుతారా?’, ‘ఆకుకూరలు తింటారా?’, ‘మరుగుదొడ్డి వాడతారా?’ వంటి ప్రశ్నలన్నిటికీ కర్త ఆ ఇంటి మనిషే. అవునో కాదో జవాబు. కాదంటే తప్పు ఆ మనిషి అలవాటులో ఉన్నట్టు లెక్క. అదే విషయాన్ని ఇంకో విధంగా అడగవచ్చు. నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయి? ఎంతసేపు వస్తాయి? ఎవరు మోసుకొస్తారు? నీళ్లు కాచడానికి గ్యాసుబండ ఎన్ని రోజులు వస్తుంది? ఆకుకూర కొనాలా, పెరట్లో ఉందా? మరుగుదొడ్డి గుంత నిండితే తీయడానికి ఎంత అడుగుతారు? ఆస్పత్రికి పోతే ఆ రోజు కూలి పోతుందా? ఈ ప్రశ్నల్లో కర్త మారింది. నీళ్లు, గ్యాసు, కూలి, ఖర్చు వాక్యానికి ముందుకు వచ్చాయి. సామాజిక నిర్ణాయకాల సిద్ధాంతం చెప్పేదంతా భాషలోకి దిగితే ప్రశ్నల రూపం ఇలాగే ఉంటుంది.

4. రక్తహీనత – ఒక ఉదాహరణ:

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు 2015–16లో 60.0 శాతం, 2019–21లో 58.8 శాతం. మధ్యకాలంలో ఇనుము మాత్రల పంపిణీ ఆగలేదు. అంగన్‌వాడీలు, ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు చెప్పడం మానలేదు. అయినా అంకె దాదాపు అక్కడే నిలిచింది. ‘ఆకుకూరలు తినండి, బెల్లం తినండి, మాత్రలు వేసుకోండి’ అన్న సందేశం అందని ఊరు అరుదు. సందేశం అంత విస్తృతంగా అందిన తరువాత కూడా మార్పు ఇంత స్వల్పంగా ఉందంటే కారణాన్ని సందేశం లేకపోవడంలో వెతకడం తర్కానికి నిలవదు.

రక్తహీనత వెనుక సామాజిక కారణాల వరుస పొడవైనది. ఇంట్లో అందరూ తిన్న తరువాత మిగిలింది తినే అలవాటు ఆడవాళ్లది. కూలిపనికి వెళ్లే తల్లి వేకువనే లేచి వంటచేసి, తాను సరిగా తినకుండానే పొలానికి పోతుంది. చిన్నవయసులో పెళ్లి, వెంటవెంట కాన్పులు శరీరంలోని ఇనుము నిల్వను హరిస్తాయి. 2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లయింది. చెప్పులు లేకుండా తడినేలలో నడిచేవారికి కొంకిపురుగులు సోకుతాయి. పప్పు, గుడ్డు, మాంసం ధరను బట్టి వంటింట్లోకి వస్తాయి. వీటిలో ఒక్కటీ ‘అవగాహన’ అన్న మాటలో ఇమడదు.

ఇక్కడ ఇంకో భాషాసమస్య కూడా ఉంది. ఇంటింటికీ తిరిగే విద్యార్థికి ‘రక్తహీనత’ అన్న మాట వినిపించదు. ‘నీరసం’, ‘నిస్త్రాణ’, ‘కళ్లు తిరుగుతున్నాయి’, ‘ఒంట్లో రక్తం లేదన్నారు’ అన్న మాటలు వినిపిస్తాయి. ఈ మాటలు ఒంటరిగా రావు. నాట్లప్పుడు వంగి వంగి నడుము పడిపోయిన సంగతి, మూడో కాన్పు సంగతి, మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పి పనికి పోలేకపోయిన సంగతి వాటి వెంట వస్తాయి. జబ్బు పేరుతో పాటే జబ్బు కథ కూడా ఆ మాటల్లో ఉంటుంది. నివేదికలో ‘రక్తహీనత: 14 మంది’ అని గడి నింపగానే పేరు మిగిలి కథ రాలిపోతుంది. కారణం ఉన్నది ఆ రాలిపోయిన భాగంలోనే.

5. తెలిసినా తప్పని జబ్బు, శాస్త్రానికే తేలని జబ్బు:

అవగాహన లోపమే కారణమన్న వాదాన్ని తెలుగు నేలమీద రెండు జబ్బులు గట్టిగా పరీక్షిస్తాయి.

మొదటిది ఫ్లోరోసిస్. భారతదేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి 1937లో శాస్త్రలోకానికి తెలియజేసినది నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాల పరిశీలన ద్వారానే. తరువాత నల్గొండ పేరు ఈ జబ్బుతో ముడిపడిపోయింది. నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించేందుకు నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతికి కూడా ‘నల్గొండ పద్ధతి’ అన్న పేరే స్థిరపడింది. అక్కడి జనానికి నీళ్లే కారణమని తెలియదా? తెలుసు. పళ్లమీద గారలు, వంగిపోయిన కాళ్లు ఎందుకొచ్చాయో పిల్లలు కూడా చెప్పగలరు. తెలిసినా తాగారు, ఎందుకంటే వేరే నీళ్లు లేవు. పరిష్కారం కూడా ఉపన్యాసం రూపంలో రాలేదు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ వంటి పథకాలతో శుద్ధిచేసిన ఉపరితల జలాలను పైపుల ద్వారా తేవడమే దారి అయింది. ఇక్కడ ‘వారికి అవగాహన లేదు’ అని రాసే విద్యార్థి అబద్ధం రాసినట్టే అవుతుంది.

రెండోది ఉద్దానం మూత్రపిండాల జబ్బు. శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస తదితర మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే కుటుంబాలను దశాబ్దాలుగా ఈ జబ్బు పీడిస్తోంది. నీరు, ఎండలో శ్రమ, రసాయనాలు, వంశపారంపర్యం వంటి అనేక కోణాల్లో పరిశోధనలు జరిగినా ఇదమిత్థంగా ఒక్క కారణం తేలలేదు. 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకమూ, పలాసలో 200 పడకల ఆస్పత్రీ, పరిశోధనకేంద్రమూ ప్రారంభమయ్యాయి. శాస్త్రానికే కారణం తేలని చోట ప్రజలకు కారణం తెలియదని రాయడంలో అర్థం లేదు. అక్కడ విద్యార్థి చేయగల మేలైన పని ఒకటుంది. ఏ ఇంట్లో ఎవరు ఏ పని ఎన్నేళ్లు చేశారు, ఏ నీళ్లు తాగారు, జబ్బు ఎప్పుడు బయటపడింది, డయాలసిస్‌కు ఎంతదూరం పోతున్నారు అన్నవి నమ్మకంగా నమోదు చేయడం. తెలియదని ఒప్పుకునే నివేదిక తెలిసినట్టు నటించే నివేదిక కన్నా విలువైనది.

6. కథ చూపే కారణం:

ఆరోగ్యానికి, సామాజిక స్థితికి ఉన్న సంబంధాన్ని తెలుగు కథ ఏనాడో పట్టుకుంది. ఆ సంబంధానికి అది వేరే పేరు పెట్టలేదు.

కాళీపట్నం రామారావు ‘జీవధార’ కథలో వస్తువు నీరు. నీటి ఎద్దడిలో పేదపేట ఆడవాళ్లు నీళ్ల కోసం కలవారి బంగళా ముందు నిలబడవలసి రావడం, ఒకచోట గొంతు తడుపుకోవడానికి లేని నీరు మరోచోట సమృద్ధిగా ఉండడం ఆ కథ చూపే దృశ్యం. ఆ స్త్రీలకు నీటి విలువ తెలియదని పాఠకుడికి ఒక్క క్షణం కూడా తోచదు. అందరికన్నా వారికే బాగా తెలుసు. నీరు ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు పేటలో దొరకదు, పేటకూ బంగళాకూ మధ్యనున్న సంబంధంలో దొరుకుతుంది. సర్వేపత్రం పేటలోని ఇళ్లను మాత్రమే లెక్కిస్తుంది. బంగళా దాని పరిధిలోకే రాదు. కథకుడు కారణాన్ని రెండు స్థలాల మధ్య పెడితే, ప్రశ్నావళి దాన్ని ఒకే స్థలంలో బంధిస్తుంది. ఈ రెంటికీ ఉన్న తేడాను గుర్తించిన విద్యార్థి మరునాడు సర్వేకు వెళ్లినప్పుడు పక్కవీధి కుళాయి ఎన్ని గంటలు వస్తుందో కూడా అడుగుతాడు.

చాసో ‘వాయులీనం’లో జబ్బుపడిన భార్య వైద్యపు అవసరాల కోసం భర్త ఆమె వాయులీనాన్ని అమ్ముతాడు. ఆ దంపతులు వైద్యం విలువ తెలియనివారు కారు. వైద్యం చేయించారు కూడా. జబ్బు తగ్గడానికి చెల్లించిన వెలలో ఒక స్త్రీ సంగీతం పోయింది. వైద్యఖర్చు కుటుంబాలను ఎలా కుంగదీస్తుందో ఆర్థికశాస్త్రం శాతాల్లో చెబుతుంది. పోయిన వస్తువు ఎవరిది, అది ఆమెకు ఏమిటి అన్నది చాసో చెబుతాడు. ప్రశ్నావళిలో ‘గత ఏడాది వైద్యానికి ఎంత ఖర్చయింది?’ అన్న ప్రశ్న ఉంటుంది. ‘ఆ డబ్బు ఎలా తెచ్చారు? ఏం అమ్మారు? అది ఎవరిది?’ అన్న ప్రశ్న ఉండదు. మొదటి ప్రశ్నకు అంకె జవాబు, రెండో ప్రశ్నకు జీవితం జవాబు.

కథేతర రచనల్లోనూ ఈ దృష్టికి ఆధారాలున్నాయి. స్త్రీశక్తి సంఘటన రూపొందించగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన ‘సవాలక్ష సందేహాలు’ స్త్రీల ఆరోగ్యాన్ని స్త్రీల జీవనపరిస్థితులతో కలిపి, వాడుకమాటల్లో చర్చించిన పుస్తకం. పాఠకురాలిని అజ్ఞానిగా భావించకుండా, ఆమె అనుభవాన్నే జ్ఞానంగా స్వీకరించి మాట్లాడడం దాని ప్రత్యేకత. ఆరోగ్యం గురించి తెలుగులో ఎలా రాయాలన్నదానికి ఇలాంటి నమూనాలు ఉండగా నివేదికలు మాత్రం కార్యాలయ పరిభాషనే ఆశ్రయించడం విచారకరం.

కథ సాక్ష్యం కాదు. ‘జీవధార’ చదివి ఏ వాడ నీటిసమస్యనూ నిరూపించలేము. కథ నేర్పేది అడగడం. ఏ ప్రశ్న అడిగితే కారణం బయటపడుతుందో కథ చూపుతుంది, ఆ కారణం నిజమో కాదో సర్వే తేలుస్తుంది. ఒకటి లేకుండా మరొకటి పూర్తి కాదు.

7. ప్రశ్నించేవారు ఎవరు? ప్రశ్నకు గురయ్యేవారు ఎవరు?

ఈ చర్చలో అసలు పణంగా ఉన్నది విద్యార్థి తన మనుషులతో పెట్టుకునే సంబంధం. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో చదివే వారిలో చాలామంది రైతుకూలీల, చిన్నరైతుల, చేతివృత్తులవారి పిల్లలు. అనేకులు తమ కుటుంబాల్లో మొదటితరం డిగ్రీ విద్యార్థులు. ప్రాజెక్టు కోసం ఎంచుకునే గ్రామం తరచుగా వారి సొంత ఊరే. అంటే ప్రశ్నావళి పట్టుకున్న అమ్మాయి తట్టే తలుపులు మేనత్తవి, పిన్నివి, పొరుగింటి అవ్వవి. ఆమె తల్లి కూడా అదే నీళ్లు తాగుతుంది, అదే కూలికి పోతుంది.

అటువంటి విద్యార్థిని ‘ఈ ప్రజలకు అవగాహన లేదు’ అని రాసినప్పుడు ఒక్క వాక్యంతో తన ఇంటి నుంచి బయటికి వచ్చేస్తుంది. ‘మా ఊరు’ నివేదికలో ‘ఎంచుకున్న గ్రామం’ అవుతుంది. ‘అత్త’ ‘ప్రతివాది’ అవుతుంది. శాస్త్రీయరచనకు కొంత దూరం అవసరమే. కానీ ఇక్కడ ఏర్పడుతున్నది శాస్త్రానికి కావలసిన దూరం కాదు, అంతస్తుల దూరం. నీళ్లు రాకపోవడం వల్ల తల్లి వేకువ మూడింటికి లేస్తుందని ఆ అమ్మాయికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ తెలివికి నివేదికలో చోటు లేదని ఉన్నతవిద్య మొదటి ఏడాదిలోనే నేర్పితే, చదువు ఆమెకు ఒక చూపు ఇచ్చి మరో చూపు లాక్కున్నట్టవుతుంది. చదువుకున్నవారు చదువుకోనివారి కష్టానికి వారి అజ్ఞానాన్నే కారణంగా చూపే అలవాటు సమాజంలో చాలా పాతది. ఆ అలవాటు నుంచి బయటపడేయవలసిన ప్రాజెక్టే దాన్ని అభ్యాసం చేయించకూడదు.

8. ఆక్షేపణలు – సమాధానాలు:

ఈ వాదంపై మూడు ఆక్షేపణలు రావచ్చు.

మొదటిది: అవగాహనకు విలువే లేదా? ఉంది. విరేచనాలైన బిడ్డకు ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు పట్టడం, పాముకాటుకు మంత్రగాడి దగ్గర ఆలస్యం చేయకపోవడం, టీకాలు సకాలంలో వేయించడం తెలియడం వల్ల ప్రాణాలు నిలిచాయి. విర్కో కూడా తన నివేదికలో చదువును విస్మరించలేదు. అయితే ఆయన చదువును రోడ్లు, పన్నులు, స్వపరిపాలనల పక్కన ఒకటిగా చెప్పాడు, వాటికి బదులుగా చెప్పలేదు. అవగాహన లోపం ఒక కారణం కావచ్చు. దాన్ని కారణంగా రాయడానికి మిగిలిన కారణాలకు కావలసినంత సాక్ష్యమే దానికీ కావాలి. ఏ విషయం అడిగారు, ఎందరు తెలియదన్నారు, తెలిసినవారు కూడా ఆచరించకపోతే ఎందుకు ఆచరించలేదు అన్నది చెప్పకుండా ఆ మాట రాయరాదు.

రెండోది: పద్దెనిమిదేళ్ల విద్యార్థి పైపులైను వేయించలేడు, కూలి పెంచలేడు, అతను చేయగలిగినది అవగాహన కార్యక్రమమే కదా? నిజమే. చేయగలిగిన పని చిన్నది కావచ్చు, రాసే కారణం మాత్రం సరైనదై ఉండాలి. పని పరిధిని బట్టి కారణాన్ని కుదించడం పరిశోధనానీతికి విరుద్ధం. పైగా ‘ఈ వాడలో 40 ఇళ్లకు ఒకే కుళాయి, రోజు విడిచి రోజు గంటసేపు నీళ్లు’ అన్న నిర్దిష్టవాక్యాన్ని గ్రామసచివాలయానికి సమర్పించడం కూడా ఒక పనే. అధికారి ‘అవగాహన లేదు’ అన్న వాక్యానికి జవాబు చెప్పవలసిన అవసరం లేదు. కుళాయి వాక్యానికి ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు.

మూడోది: అధ్యాపకుల పరిమితి. ఒక్కొక్క మెంటర్ అనేకమంది విద్యార్థుల నివేదికలు దిద్దాలి. సమయం తక్కువ. ఒకరి నివేదిక మరొకరు ఎత్తిరాయడం, సిద్ధంగా దొరికే నమూనాలో ఊరిపేరు మార్చడం అందరికీ తెలిసిన విషయమే. ‘అవగాహన లోపం’ ఏ ఊరికైనా సరిపోయే మాట కనుకనే ఎత్తిరాతకు అంత అనుకూలంగా ఉంది. కుళాయి గంటలు, కూలి లెక్క, అమ్మిన వస్తువు ఊరు మారితే మారతాయి. నిర్దిష్టతను కోరడం మూల్యాంకనాన్ని కష్టం చేయదు, తేలిక చేస్తుంది.

9. తెలుగు శాఖల పాత్ర:

ఈ ప్రాజెక్టులో ఆరోగ్యాంశాలు సాధారణంగా విజ్ఞానశాస్త్ర, సామాజికశాస్త్ర అధ్యాపకుల పర్యవేక్షణలోకి వెళతాయి. నివేదిక అంతిమంగా భాషలో రూపొందే రచన కనుక తెలుగు అధ్యాపకులకు ఇందులో స్పష్టమైన పాత్ర ఉంది. ఆ పాత్రను ఈ విధంగా సూచించవచ్చు.

1. సర్వేకు ముందు విద్యార్థులతో ‘జీవధార’ వంటి ఒక్క కథనైనా చదివించి, అందులో కష్టానికి కారణం ఎక్కడుందో గుర్తింపజేయాలి.
2. ప్రశ్నావళిలో ‘మీరు చేస్తారా?’ అనే ప్రతి ప్రశ్నకు జతగా ‘అందుకు ఏం అడ్డువస్తోంది?’ అనే ప్రశ్న ఉండాలి.
3. ప్రతి నివేదికలో కనీసం ఒక మనిషి మాటలను ఆ ఊరి మాండలికంలోనే, పేరు బయటపెట్టకుండా, ఆ వ్యక్తి అనుమతితో నమోదు చేయాలి.
4. ‘అవగాహన లేదు’ అన్న మాటను సాక్ష్యం లేకుండా వాడిన చోట మెంటర్ దాన్ని గుర్తించి తిరిగి రాయించాలి.
5. నివేదిక పూర్తయ్యాక కళాశాలకు సమర్పించే ముందు దాన్ని ఆ ఊరివారికి చదివి వినిపించాలి. వారు కాదన్న విషయాన్ని కూడా నివేదికలో చేర్చాలి.

వీటిలో ఏదీ అదనపు నిధులను కోరదు, 180 గంటల పరిధిని దాటదు.

10. ముగింపు:

సమాజసేవా ప్రాజెక్టు మంచి ఉద్దేశంతో రూపొందిన విద్యాప్రణాళిక. వైద్యేతర విద్యార్థులను కూడా ప్రజారోగ్య ప్రశ్నల ముందు నిలబెట్టడం దాని ఘనత. అయితే సర్వే తరువాతి మెట్టుగా అవగాహన కార్యక్రమాన్ని స్థిరపరచడం వల్ల జబ్బుకు కారణం ప్రజల మనసుల్లోనే ఉందన్న నిర్ధారణ నివేదికల్లోకి ముందుగానే ప్రవేశిస్తోంది. రక్తహీనత అంకెలు, ఫ్లోరోసిస్ చరిత్ర, ఉద్దానం అనుభవం ఆ నిర్ధారణను బలపరచవు. ‘వారికి ... లేదు’ అన్న తెలుగు వాక్యంలోని ఖాళీని ఏ మాటతో నింపాలో నిర్ణయించవలసింది ప్రాజెక్టు చట్రం కాదు, ఆ ఇంటి గడపలో విన్న మాట. ఆ మాటను వినడం, విన్నది విన్నట్టు రాయడం నేర్పగలిగితే ఈ నివేదికలు గ్రామాల ఆరోగ్యచరిత్రకు నమ్మదగిన మూలాధారాలు అవుతాయి. వాటిని రాసిన యువతీయువకులు కూడా తమ ఊరికి పరాయివారు కాకుండానే చదువుకున్నవారు అవుతారు.